హలోకీ ఊఁకీ మధ్య

"రేపు పదకొండింటికి స్విచ్ ఓవర్," అన్నాడు పెద్దాయన, తలుపు ఇంకా మూయకముందే. "టెలిఫోన్ శాఖ వాయిస్ రౌటర్లన్నీ వెబ్ సాఫ్ట్‌వేర్ చేతికి వెళ్తున్నాయి. ఇక ఇంజినీర్ ఆ చలిగదిలోకి వెళ్లక్కర్లేదు. బ్రౌజర్ తెరిచి, పాస్‌వర్డ్ కొట్టి, ఏ ఫోన్ కాల్ ఏ దారిన పోవాలో కుర్చీలోంచే చెప్పొచ్చు."

"ఎవరి కుర్చీలోంచి సార్?"

"అది చూడమనే పిలిచా. ఆ సాఫ్ట్‌వేర్ అమ్మే కంపెనీ వెనక విదేశీ ముఠా ఉందని పుకారు. పుకారే. వెళ్లి చూసొచ్చి ఏమీ లేదని చెప్పు, చాలు."

ఏజెంట్‌ని ఆ గూఢచారి ఆఫీసులో నత్త అంటారు. పని నిదానం, పట్టు మాత్రం వదలడు. "లాండ్రీ లైన్ కూడా ఆ రౌటర్ల మీదుగానే వస్తుంది కదా సార్?" అన్నాడు.

"అందుకే నిన్ను పంపుతున్నా," అన్నాడు పెద్దాయన. ఆయన మాట తడుముకోగా చూసినవాడు ఆ ఆఫీసులో లేడు. ఎంత ఇబ్బంది ప్రశ్నకైనా జవాబు నాలుక చివరే ఉంటుంది.

లాండ్రీ అంటే బట్టలుతికే చోటు కాదు, బయట ఉన్న ఏజెంట్లు కబురు చెప్పే రహస్య ఫోన్ నంబరు. నత్త చెల్లెలు పరాయి దేశంలో, అదే ముఠా ఆఫీసులో టైపిస్టుగా చేరింది. రోజూ పదకొండున్నరకి లాండ్రీకి ఫోన్ చేసి చీరల గురించి అడుగుతుంది. ఆమె ఫోన్ చేయగలదు గానీ, ఇక్కణ్ణించి ఆమెకి చేయడం కుదరదు. కాబట్టి రేపు చెయ్యొద్దని చెప్పే దారి లేదు. ఆ కాల్ ముఠా కళ్లబడితే ఆమెకి సాయంత్రం ఉండదు. ఆమెని ఈ ఉద్యోగంలోకి లాగింది అన్నే. సరదాగా ఉంటుందన్నాడు, తన నోటితోనే.

ఆ మధ్యాహ్నం నత్త ఏసీ మెకానిక్ వేషంలో రౌటర్ల గదిలో తేలాడు. ఏజెన్సీ ఇచ్చిన స్క్రూడ్రైవర్‌లో కెమెరా ఉంది, కానీ దాని బ్యాటరీ గుటుక్కుమంది. మన డిపార్ట్‌మెంట్ గ్యాడ్జెట్లు మన డిపార్ట్‌మెంట్ లాగే ఉంటాయి, అవసరానికి తప్ప అన్నిటికీ పనికొస్తాయి.

బీరువాల్లా నిలబడ్డ ర్యాకుల మధ్య, స్వెట్టరూ మంకీ క్యాప్‌తో ఇంజినీర్ కూర్చున్నాడు. ఆ గదిలో అందరికీ ఆయన బాబాయి. ఎదురుగా ల్యాప్‌టాప్ పట్టుకుని కంపెనీ తరపు మేడమ్ నిలబడింది. ఎర్ర పెదవులు, సన్నమడమ చెప్పులు, గది వేడెక్కిపోయే నవ్వు. ఏజెన్సీ ఫైళ్లలో ఆమె పేరు నెమలి. జీతం ఏజెన్సీ దగ్గరా తీసుకుంటుంది, ముఠా దగ్గరా తీసుకుంటుంది.

"ట్రయల్‌గా ఒక రౌటర్‌కి పెట్టాం. చూడండి, టెస్ట్ కూడా సాఫ్ట్‌వేరే చేసుకుంటుంది," అందామె. తెర మీద వరసగా పచ్చ టిక్కులు పడ్డాయి. రూటు: లోకల్, అంటే కాల్ ఊరు దాటడం లేదని.

"బాగుందమ్మా. ఇప్పుడు మా టెస్ట్," అన్నాడు బాబాయి, ఫోన్ అందుకుని. ఆ గదిలో ఏ మార్పు చేసినా, చేసినవాడు వెంటనే తన ఇంటికి ఫోన్ చేయాలి. ఎవరు పెట్టిన ఆనవాయితీయో తెలీదు. మెషిన్‌కి అబద్ధం చెప్పొచ్చు, పెళ్లానికి చెప్పలేమని బాబాయి వాదన.

స్పీకర్‌లో పిన్ని గొంతు వచ్చింది. "ఏమండీ, ఏం మార్చారు ఇవాళ?"

"వెబ్ సాఫ్ట్‌వేర్ అనీ..."

"వినబడుతోందా? ఏమండీ?"

"వినబడుతోందే. నువ్వు తిన్నావా?"

"నేను మాట్లాడుతుంటే మధ్యలో దూరతారేం? ఏం మార్చారంటే చెప్పరు, అబద్ధం చెప్పబోయేవాడిలా ఆగుతున్నారు! ఎక్కడున్నారసలు?"

నెమలి ఫకాలున నవ్వి, కాఫీకని బయటికి వెళ్లింది. బాబాయి మాత్రం నవ్వలేదు. పాత రౌటర్ మీదుగా మళ్లీ ఇంటికి కలిపాడు. పిన్ని ప్రశ్నలూ ఆయన జవాబులూ ఎప్పటిలా అతుక్కుపోయాయి.

"మెకానిక్ బాబూ, ఏసీ నువ్వు చూడటం లేదని నాకు తెలుసుగానీ, ఇది చూడు," అంటూ నల్ల కేబుల్‌ని నేరుగా రౌటర్‌లోకి గుచ్చాడు. వెబ్ పేజీ లోకల్ అన్న కాల్ నిజానికి పరాయి దేశపు అడ్రస్ మీదుగా తిరిగొస్తోంది. ఆ తిరుగుడు వల్లే మాటకీ మాటకీ మధ్య ఆలస్యం. దారిలో ఎవరో ప్రతి మాటా వింటున్నారు. పచ్చ టిక్కుల్ని నమ్మకుండా ఫోన్ ఎత్తి మాట్లాడి చూసేవాడు టెలిఫోన్ శాఖలో ఇంకా మిగిలి ఉంటాడని ముఠా అనుకోలేదు.

నెమలి మెట్ల దగ్గర దొరికింది. నత్త కోడ్ వాక్యం మొదలుపెట్టాడు. "గొడుగు మర్చిపోయినట్టున్నారు."

"వాన ఆగిపోయిందిలే. ఆ నాటకం వద్దు," అంది నెమలి. నవ్వు ఎక్కడో పెట్టి వచ్చినట్టుంది ముఖం. "ఇదంతా పెద్దాయనకి ఎప్పుడో చెప్పాను. ఆయన వద్దనలేదు. ముఠా ఈ లైన్లని నమ్మితే, రేపు ఆయన వినిపించే తప్పుడు కబుర్లని కూడా నమ్ముతుంది. ఆ నమ్మకానికి ఎర కావాలి. మీ చెల్లెలు."

"అబద్ధం. నువ్వు రెండు పళ్లేల్లో తినేదానివి."

"నిజమే. రెండుచోట్లా నిజం చెప్పేది కూడా నేనే. నిన్నెందుకు పంపాడనుకున్నావ్? ఏమీ లేదని నువ్వు చెప్పాక పిల్ల పోతే, పాపం ఎవరిది?"

కంచే చేను మేస్తుందంటే నమ్మడానికి నత్తకి మనసు రాలేదు. నమ్మకపోవడానికి ధైర్యమూ చాలలేదు. పెద్దాయనకి ఫోన్ చేసి, అంతా బాగుందని చెప్పాడు. చెప్పాక, మర్నాటి లాండ్రీ డ్యూటీ తన జేబులోని ఫోన్‌కి మార్పించుకున్నాడు.

మర్నాడు పదకొండింటికి కెమెరాల ముందు టెలిఫోన్ శాఖ సెక్రటరీగారు మౌస్ నొక్కారు. పచ్చ టిక్కులు జలజలా పడ్డాయి. చప్పట్లు.

"సార్, మా గదిలో ఒక ఆనవాయితీ ఉంది," అన్నాడు బాబాయి, చేతులు కట్టుకుని. "మార్పు చేసినవాళ్లు ముందు ఇంటికి ఫోన్ చేయాలి. ఇవాళ చేసింది తమరు."

"అక్కర్లేదు, సాఫ్ట్‌వేరే టెస్ట్ చేసుకుంది," అని కంపెనీ డైరెక్టర్ అడ్డొచ్చాడు.

"చెయ్యనివ్వండి సార్," అంది నెమలి తియ్యగా. "టీవీలో బాగుంటుంది." డైరెక్టర్ ఆమె వైపు చూసిన చూపు నత్త చాలాకాలం మర్చిపోలేదు.

సెక్రటరీగారు ఇంటికి కలిపారు. స్పీకర్ ఆన్.

"హలో, నేనేనోయ్!"

"హలో? హలో? మాట్లాడరేం?"

"మాట్లాడుతున్నా కదా!"

"అరుస్తారెందుకు? పక్కన ఎవరున్నారు?"

ఆయన ఎవరూ లేరనబోయి, అందరూ ఉన్నారని సర్దుకున్నారు. ఆ మాట ఇల్లు చేరడానికి పట్టిన సేపట్లో కాపురానికి బీటలు పడ్డాయి. "ఎవరున్నారంటే ఇంతసేపు ఆలోచిస్తారా?" అంది ఆవిడ. గదంతా గొల్లుమంది. నవ్వుల మధ్యలోంచి బాబాయి నల్ల కేబుల్ గుచ్చి, అసలు రూటుని పెద్ద తెర మీద పెట్టాడు.

"మీ మాట విదేశం వెళ్లొచ్చింది సార్. అక్కడెవరో విన్నారు."

సెక్రటరీగారి ముఖం కందగడ్డయింది. "తీసెయ్! ముందు ఆ దరిద్రాన్ని తీసెయ్!"

బాబాయి పాత సెట్టింగులు ఎక్కిస్తున్నాడు. ఎక్కించినవి ఎక్కించినట్టే చెరిగిపోతున్నాయి. ఎక్కడో దూరపు కుర్చీలో కూర్చుని ఎవడో బ్రౌజర్‌లోంచి తిప్పికొడుతున్నాడు. గోడ గడియారం ముల్లు పదకొండున్నర మీదికి పాకుతోంది.

"వాడు ఏ దారిన వస్తున్నాడు బాబాయ్?"

"పసుపు కేబుల్! ర్యాకు వెనక!"

డైరెక్టర్ అడ్డం పడ్డాడు. ఏసీ మెకానిక్ అతన్ని భుజంతో ఏసీలోకే తోసి, పసుపు కేబుల్‌ని వేళ్లకి చుట్టి పీకాడు. పెద్ద తెర తెల్లబోయింది. బాబాయి ఎంటర్ నొక్కాడు. ఆ క్లిక్కు ఇంకా చెవిలో ఉండగానే నత్త జేబులో ఫోన్ మోగింది.

"లాండ్రీ."

"మా చీరలు అయ్యాయా అండీ?"

"అయ్యాయమ్మా." జవాబు ప్రశ్నకి అతుక్కునే వెళ్లింది. చెల్లెలి గొంతు విని నత్తకి ఏడుపు ముంచుకొచ్చింది. "కానీ షాపు ఎత్తేస్తున్నాం. మీ బట్టలు ఇవాళే సర్దుకుని తీసుకెళ్లిపొండి."

"ఇవాళేనా? ఓనరుగారు చెప్పారా?"

"నేను చెబుతున్నా."

ఒక ఊఁ వినిపించి, ఫోన్ కట్టయింది. ఇక ఆమె ఇంటికొస్తుంది.

పోలీసులు డైరెక్టర్‌ని తీసుకెళ్లారు. నెమలి ఎటు పోయిందో ఎవరూ చూడలేదు. ఆ రోజుతో ఆమె జీతం రెండుచోట్లా ఆగిపోయింది. ఆమె రుణం తీర్చుకునే దారి నత్తకి మళ్లీ దొరకలేదు. ర్యాకు పక్కన సన్నమడమ చెప్పు ఒకటి పడి ఉంటే, తీసి బల్ల మీద పెట్టాడు.

గదిలో ల్యాండ్‌లైన్ మోగింది. పెద్దాయన.

"శభాష్. దేశాన్ని కాపాడావ్. కానీ ఆ పిల్లని రమ్మనమని నీకెవరు చెప్పారు?"

"ఒక్కటే అడుగుతా సార్. ఆ లైన్ వాళ్ల చేతికి పోతుందని మీకు ముందే తెలుసా?"

ప్రశ్నకీ జవాబుకీ మధ్య, హలోకీ ఊఁకీ మధ్య పడ్డట్టే, ఖాళీ పడింది. ఏసీ హోరు వినపడింది. తర్వాత, "లేదయ్యా, నాకెలా తెలుస్తుంది?" అన్నాడు పెద్దాయన.

నత్త రిసీవర్‌కి చెయ్యి అడ్డం పెట్టాడు. "బాబాయ్, ఈ లైన్‌లో ఆలస్యం ఏమైనా ఉందా?"

"చుక్క లేదు. ఇప్పుడే చూశా, అద్దంలా ఉంది. ఏం?"

"ఏం లేదు," అని ఫోన్ పెట్టేశాడు నత్త. "టెస్ట్ కాల్."