ఊరికే వచ్చిన ఆదివారం

“గడ్డిలో దొర్లుతావా! ఇద్దరు పిల్లల తల్లివి... గడ్డిలో దొర్లుతావా!”

ఆడపడుచు హాలు మధ్యలో నిలబడి అరుస్తోంది. మట్టి కొట్టుకుపోయిన పిల్లల చెప్పుల్ని, చచ్చిన ఎలుకను పట్టుకున్నట్టు రెండు వేళ్ళతో ఎత్తి పట్టుకుంది. నీళ్ళ ట్యాంకు గట్టు మీంచి తమ్ముడి భార్య పిల్లలతో కలిసి కిందికి దొర్లుతుంటే ఆవిడ కారులోంచి చూసింది. తనొక్కతే చూసినా పోయేది, పక్కనే క్లబ్బు సెక్రటరీ భార్య కూడా ఉంది! ఆడపడుచు భర్తది ఫర్నిచర్ షాపు. అందుకేనేమో, మనుషులు కూడా సోఫాల్లా కవరు తియ్యకుండా, మరక పడకుండా ఉండాలని ఆవిడ నమ్మకం.

“పిల్లలు సరదా పడ్డారు వదినా...” అంది ఆమె కళ్ళొత్తుకుంటూ.

“సరదా అట సరదా! టికెట్టు కొనలేనివాళ్ళు పెట్టుకున్న పేరమ్మా అది!”

ఆమె భర్త వైపు చూసింది. ఆయన పేపరు వెనక ఉన్నాడు. పావుగంటగా అదే పేజీ! అక్క ముందు ఆయనకు నోరుండదు, భార్య ముందు చెవులుండవు.

వారంలో ఆరు రోజులు ఆమె చొక్కాల ఫ్యాక్టరీలో కాజాలు కుడుతుంది. ఇంటికి చేరేసరికి పిల్లలు సగం నిద్రలో ఉంటారు. ఆమెకు పిల్లలు దొరికేది ఆదివారం ఒక్కటే. ఆ ఒక్కరోజూ ముగ్గురూ సీసాలో నీళ్ళు, ఒక తువ్వాలు పట్టుకుని బయలుదేరేవాళ్ళు. ఓ వారం రైలు వంతెన మీద నిలబడి పెట్టెలు లెక్కపెట్టేవాళ్ళు. ఓ వారం ఫైరింజను కడుగుతుంటే చూసేవాళ్ళు. ఎక్కువగా మాత్రం గట్టే! చిన్న కూతుర్ని అందరూ పిచ్చుక అనేవాళ్ళు. అదైతే శుక్రవారం నుంచే “అమ్మా, ఇంకెన్ని నిద్రలు?” అని ప్రాణం తీసేది.

“వచ్చే వారం నుంచి పిల్లలు నాతో క్లబ్బుకొస్తారు,” అని తీర్పు చెప్పింది ఆడపడుచు. “నువ్వు రానక్కర్లేదు. అక్కడ ఒక పద్ధతుంటుంది.”

“ఏమండీ... నాకున్నది ఆ ఒక్క రోజేనండీ!”

పేపరు కొంచెం దిగింది. “అక్క మన మంచికే చెబుతోందిగా. ఊరికే వచ్చేదానికి విలువేముంటుంది?”

అంతే! ఇంత మాట అనడానికేనా ఆయన పావుగంట ఆలోచించింది!

మరుసటి ఆదివారం పిల్లలు గంజి పెట్టిన బట్టల్లో, బొమ్మల్లా కారెక్కారు. పిచ్చుక అద్దానికి ముక్కు ఆనించి తల్లినే చూస్తూ వెళ్ళిపోయింది. ఆమె తువ్వాలు మడతపెట్టింది. విప్పింది. మళ్ళీ మడతపెట్టింది... ఉతకాల్సిన మట్టిబట్టలు లేని ఆదివారం ఎంత పొడుగో ఆ రోజే తెలిసింది.

రెండు గంటలైనా కాకముందే కారు తిరిగొచ్చింది.

“చూశావా తమ్ముడూ, నీ పెళ్ళాం నేర్పిన బుద్ధులు!” ఆడపడుచు ముఖం కందగడ్డలా ఉంది. “క్లబ్బు లానులో దొర్లింది నీ చిన్న కూతురు! దాన్ని చూసి నా కూతురు! దీన్ని చూసి సెక్రటరీ మనవరాలు! ముగ్గుర్నీ బయటికి పంపేశారు!”

ఆవిడ కూతురు మాత్రం తల్లి అరుపులు పట్టించుకోలేదు. జడలో గడ్డిపోచలతోనే వచ్చి ఆమె కొంగు పట్టుకుంది.

“అత్తయ్యా, మీ గట్టు ఇంకా పెద్దదటగా! ఎన్నిసార్లు దొర్లనిస్తారు?”

“ఎన్నిసార్లైనా తల్లీ.”

“టైమైపోయింది, దిగమని ఎవరూ అనరా?” ఆ పిల్ల గొంతులో అపనమ్మకం!

పాపం, ఇంత డబ్బున్న ఇంట్లో పుట్టి ఆ పిల్ల ఎప్పుడూ తనివితీరా ఆడుకోలేదు. ఆడపడుచు మీద అన్నాళ్ళూ ఉన్న భయం ఆ క్షణంలో ఆమెకు ఎటు పోయిందో! తువ్వాలు భుజాన వేసుకుని, తన ఇద్దరితో పాటు ఆడపడుచు కూతుర్నీ తీసుకుని గడప దాటింది.

“ఎక్కడికే!” అని కేక వేసింది ఆడపడుచు.

“గట్టుకి.”

“ఇప్పుడెందుకు?”

“ఊరికే!”

గట్టు మీద తువ్వాలు పరుచుకుని కూర్చుంది. పిల్లలు మూడుసార్లు దొర్లి వచ్చేసరికి కింద రోడ్డు మీద భర్త కనిపించాడు. తమతో వచ్చినవాడిలా కాకుండా, దారిన పోయేవాడిలా ఇరవై అడుగుల దూరంలో నిలబడ్డాడు. కాసేపటికి పైకెక్కి వచ్చాడు. కూర్చోవడానికి జేబురుమాలు వెతుక్కున్నాడు. దొరకలేదు.

“అమ్మా, నాన్న ఎందుకొచ్చారే?” అని అడిగింది పిచ్చుక ఆయాసపడుతూ.

ఆమె ఆయన కళ్ళలోకి సూటిగా చూసింది. ఎన్నేళ్ళ తర్వాతో!

“ఊరికే వచ్చారమ్మా,” అంది.

ఆయన తల దించుకున్నాడు. ఈసారి దాక్కోవడానికి పేపరు లేదు. ఆమె తువ్వాలు మీద జానెడు పక్కకు జరిగింది.