అత్తయ్య వంటకో వంక

పొద్దున్నే వంటింట్లో గరిటె చప్పుడు వినబడగానే కోడలు కళ్ళు గట్టిగా మూసుకుంది. ఒకప్పుడు ఆ చప్పుడుకే ఆకలి వేసేది. పెళ్ళైన కొత్తలో కుట్టుమిషను ఆపి మరీ వంటింటి గుమ్మంలో నిలబడేది. ఇప్పుడు మిషను మీద గుడ్డ కప్పి ఉంది. ఊడిపోగా మిగిలిన జుట్టు మీద ఇంకో గుడ్డ చుట్టి ఉంది.

"లేమ్మా, వేడి మీద రెండు ముద్దలు తిను," అంటూ అత్తగారు కంచం తెచ్చి, పీట లాక్కుని ఎదురుగా కూర్చుంది. చాలా ఏళ్ళు పిల్లల హాస్టల్లో వంట చేసిన మనిషి. తినేవాళ్ళ మొహం చూసి కూరలో ఏం తగ్గిందో చెప్పేస్తుంది.

కోడలు ముద్ద నోట్లో పెట్టుకుని, మొహంలో ఏమీ కనబడకుండా మింగింది.

"ఎలా ఉంది?"

"బాగుంది అత్తయ్యా."

మంచం కింద బొమ్మకు అన్నం పెడుతున్న ఆమె కూతురు పాప కూడా బొమ్మ తరఫున "బాగుంది అత్తయ్యా" అంది. ఇద్దరూ నవ్వారు. అత్తగారు నీళ్ళ కోసం లేవగానే కోడలు మిగిలిన ముద్దలు కిటికీలోంచి పిట్టలకు వేసేసింది.

నిజం చెప్పడానికి ఆమెకు వేరే చోటుంది. క్యాన్సర్ అని తెలిసిన కొత్తలో, ఆసుపత్రి వరండాలో పక్క కుర్చీలోని ఆవిడ కీమో అంటే ఏమవుతుందో తెలియక వణికిపోతుంటే, తనకు తెలిసిన నాలుగు ముక్కలు చెప్పింది. ఆవిడ కాస్త కుదుటపడింది. అప్పటి నుంచి ఫోను మిషనుకు ఆనించి, తనకు జరుగుతున్నది జరుగుతున్నట్టు చెప్పి వీడియోలు పెడుతోంది. పెద్ద చదువు లేదు, మాటలు తడబడేవి. అయినా ఎక్కడెక్కడి వాళ్ళో వినేవారు.

ఆ మధ్యాహ్నం రేడియో పిన్ని వచ్చింది. వీధిలో ఏం జరిగినా పది ఇళ్ళకు చేరవేస్తుందని ఆవిడకా పేరు.

"వదినా, నీ వంట అంత దిగజారిపోయిందా? ఇంట్లో ఏం తిన్నా గుండుసూదులు చప్పరించినట్టే ఉందట. అన్నం పిట్టలకు వేస్తోందట. మీ కోడలే ఫోను వీడియోలో చెప్పింది."

అత్తగారు కొడుకు బస్సు డ్యూటీ దిగి ఇంటికి వచ్చేదాకా ఆగింది.

"ఒరే, నీ పెళ్ళాం నోట నిజం వినాలంటే నేనూ ఓ ఫోను కొనుక్కోవాలట."

కోడలి మొహం పాలిపోయింది. "అది మీ వంటను అన్న మాట కాదు అత్తయ్యా. మందులకు నోరంతా ఇనుమైపోయింది."

"ఆ మాత్రం నాకు తెలీదా? జ్వరం పిల్లలు ఎంతమందికి వండి పెట్టాను. ముక్కూ మొహం తెలియనివాళ్ళకు నిజం చెప్పావు. రోజూ ఎదురుగా కూర్చునేదానికి బాగుంది, బాగుంది అన్నావు. నేనంత పరాయిదాన్నా?"

"అమ్మా, దానికసలే ఒంట్లో..."

"నువ్వు బస్సులో వేసుకో బ్రేకులు."

కోడలు గోడ పట్టుకుని నిలబడింది. "ఫోనుకు నా మీద ఆశ ఉండదు అత్తయ్యా. మీ కళ్ళల్లో ఉంటుంది. ఆ కళ్ళు చూస్తూ, రుచి తెలియడం లేదని ఎలా చెప్పను? చెబితే నా కోసం వండడం మానేస్తారేమోనని భయం. మీరు కూడా మానేస్తే, ఇక నేను దక్కనని మీరూ అనుకున్నట్టే కదా."

అత్తగారు లోపలికి వెళ్ళిపోయింది.

మర్నాటి నుంచి కంచం వేళకు వచ్చేది, పీట మాత్రం రాలేదు. ఎదురుగా ఖాళీ నేల చూస్తూ తినాలంటే ఆ ఇనుము ఇంకా చేదెక్కింది. ఎలా ఉంది అని ఎవరైనా అడిగితే బాగుండును అనిపించేది. ఫోను ముందు కూర్చున్నా మాట పెగల్లేదు. వీడియోలు ఆపేసింది.

రేడియో పిన్నే మళ్ళీ వచ్చింది, ఫోను పట్టుకుని. "మొన్న సగమే చూసి నోరు జారాను వదినా. మిగతా సగం నువ్వే విను."

ఫోన్లో కోడలు గుడ్డ సర్దుకుంటూ మాట్లాడుతోంది. "నయమయ్యాక ఏం తినాలనుంది అని ఒక అక్క అడిగింది. నాకు మా అత్తయ్య వంటకు ఒక్క వంక పెట్టాలని ఉందక్కా. కాపురానికొచ్చిన దగ్గర్నుంచీ ఒక్క వంకా దొరకలేదు. ఇప్పుడు దొరికినా నాకు తెలియదు."

అత్తగారు ఫోను తిరిగిచ్చేసి, అప్పటికే కడిగిన గిన్నెను మళ్ళీ కడిగింది.

మర్నాడు కంచంతో పాటు పీట కూడా వచ్చింది.

"ఇంకోసారి బాగుంది అన్నావంటే గరిటె తిరగేస్తాను. ఎలా ఉంది?"

"ఇనుము."

"ఇవాళ?" అని మర్నాడూ అడిగింది.

"ఇనుమే. కాకపోతే కడిగిన ఇనుము."

రోజులు అలాగే గడిచాయి. కోడలు మళ్ళీ ఫోను ముందు కూర్చుంది. ఆసుపత్రికి తిరగడం ఇంకా ఉంది. కొడుకు మాత్రం ఎందుకో భోజనం దగ్గర చెంబులకు చెంబులు నీళ్ళు తాగుతున్నాడు.

ఒక పొద్దున కోడలు ముద్ద నోట్లో పెట్టుకుని ఆగిపోయింది. నాలుక చివర ఏదో చురుక్కుమంది. మింగితే పోతుందేమోనని అలాగే ఉంచుకుంది.

"ఏమ్మా, వికారంగా ఉందా?"

"అత్తయ్యా, ఉప్పెక్కువైంది."

పీట మీద అత్తగారు కదల్లేదు. గుమ్మంలో చెప్పులు వేసుకుంటున్న కొడుకు వెనక్కి తిరిగాడు. "హమ్మయ్య, ఇన్నాళ్ళకు ఒకళ్ళన్నారు. పాపకు వేరే వండి నాకు మాత్రం ఈ సముద్రం పోస్తోంది."

"కావాలనే వేస్తున్నానురా," అంది తల్లి. "దీని నాలుకకు ఏదో ఒక రోజు తగలకపోతుందా అని."

ఆమె మణికట్టుతో కళ్ళు తుడుచుకుంది. కోడలికీ కంచం మసకగా కనబడింది.

"ఫోను తీయనా అత్తయ్యా? వాళ్ళకూ చెబుతాను."

"చెబుదువుగాని. ముందు నాకు చెప్పు. ఇంకోసారి."

కోడలు ఇంకో ముద్ద పెట్టుకుంది. నెమ్మదిగా, పూర్తిగా నమిలింది.

"ఉప్పెక్కువైంది అత్తయ్యా."