పంచదార పనిచేయని చోట

"మూలికలట మూలికలు! లోపలున్నది అన్నాన్నీ పంచదారనీ పేగుల్లో ఒంటబట్టనివ్వని మందు. అదీ మూడింతల డోసు," అన్నారు చీఫ్, మాత్రల డబ్బాని బల్లమీద కొట్టి. "విదేశీ ముఠా. సరుకు ఈ సాయంత్రం ఓడెక్కుతుంది. గోడౌన్ ఎక్కడో లోపలున్న మన మనిషికి తెలుసు. కోడ్ గుర్తుందిగా?"

ఏజెంట్ కందిరీగ తలూపాడు. ఆ డబ్బా అతనికి కొత్త కాదు. ఇన్సులిన్ తీసుకునే అక్క సన్నబడాలని అదే కొనుక్కుంది. ఓ రోజు షుగర్ పడిపోయి తూలిపోతే, తనే ఆమె నోట్లో పంచదార పోశాడు. ఆ మందు దాన్ని అరగనివ్వలేదు. గ్లూకోజ్ అయితే బతికేదని డాక్టరు తర్వాత చెప్పాడు. అప్పటినుంచి జేబులో గ్లూకోజ్ పొడి లేకుండా గడప దాటడు.

హోటల్ హాల్లో ఆ మాత్రల కొత్త ప్యాక్ విడుదల. వెయిటర్ వేషంలో ట్రే పట్టుకుని తిరుగుతున్న కందిరీగకు స్టేజీ పక్కన రిహార్సల్ కోసం కెమెరాల ముందు మళ్ళీ మళ్ళీ మాత్ర మింగుతున్న మోడల్‌ని చూడగానే ఒళ్ళు మండింది. అక్క డబ్బామీద నవ్వింది ఈ మొహమే.

అందరినీ అడిగినట్టే ఆమెనీ అడిగాడు. "ఐస్ వేయమంటారా మేడమ్?"

"వద్దు. గ్లాసుకి జలుబు చేస్తుంది."

కోడ్! మన మనిషి ఈవిడా! పళ్ళు కొరుక్కున్నాడు.

ఆమె మరో మాట అనేలోపే ముఠా నాయకుడు బానపొట్టతో వచ్చి మోచెయ్యి పట్టుకున్నాడు. అతని లావుపాటి ఉంగరం తగిలి ఆమె ఉలిక్కిపడింది. ఉపన్యాసాలు సాగుతుండగా ఆమెకు చెమటలు పట్టాయి. మాట ముద్దయింది. కుప్పకూలింది.

"పాపం, షుగర్ డౌన్! పంచదార నీళ్ళు పట్టండి," అన్నాడు నాయకుడు జాలి ఒలికిస్తూ.

కందిరీగకు అర్థమైంది. ఆమె ఎవరివైపో వీడికి తెలిసిపోయింది. ఉంగరంలో సూది, సూదిలో ఇన్సులిన్. రిహార్సల్ పేరుతో పొద్దుటినుంచీ మింగించిన మాత్రలు కడుపులో ఉండనే ఉన్నాయి.

ఎవరో తెచ్చిన గ్లాసుని లాక్కుని నేలకేసి కొట్టాడు. "దాంతో ఒకర్ని పోగొట్టుకున్నాను, చాలు!"

గ్లూకోజ్ కలిపిన నీళ్ళు ఆమె పెదవులకు ఆనించాడు. "మింగు! నీమీద కోపం తీరలేదు నాకు. తీరేదాకా చావడానికి వీల్లేదు."

ఒక గుటక. మరో గుటక. మెల్లగా చూపు నిలిచింది.

"పాత రేవు... ఐస్ ఫ్యాక్టరీ," అని గొణిగింది.

అతను కాలర్ మైకులో ఆ మాట చెప్పాడు. చీఫ్ మనుషులు ఆ రేవులో లంగరెత్తుతున్న ఓడని ఆపేశారు.

"డబ్బామీద నవ్వినప్పుడు లోపలేముందో నాకు తెలీదండీ. తెలిశాకే మీవైపు వచ్చాను," అంది ఆమె.

"తెలుసుకుని నవ్వాల్సింది," అన్నాడు కందిరీగ.

కెమెరాలు ఇంకా తిరుగుతున్నాయి. బేడీలు పడ్డ నాయకుడి నోటిదగ్గర ఒక మాత్ర పెట్టాడు.

"వేసుకోండి సార్. మూలికలేగా!"

నాయకుడు పెదవులు బిగించి తల అడ్డంగా ఊపాడు. ఆ మందుకి వచ్చిన ప్రకటనలన్నిట్లో నిజం చెప్పింది అదొక్కటే.