పెళ్ళిచూపుల హెయిర్‌కట్

హెల్మెట్ తీసి, గాజు తలుపు సగం తెరిచి, లోపల కత్తెర పట్టుకుని నిలబడ్డ అమ్మాయిని చూసి ఆ అబ్బాయి అక్కడే ఆగిపోయాడు.

"సారీ అండి. లేడీస్ పార్లర్ అనుకోలేదు."

"లేడీస్ పార్లర్ కాదండి. బోర్డు మీద యూనిసెక్స్ అని ఉంది కదా," అంది వీరదుర్గ.

"ఉందండి. అయినా జెంట్స్‌కి జెంట్సే చేస్తారనుకున్నాను."

"కత్తెరకి ఆ తేడా తెలీదండి. వస్తే లోపలికి రండి, వెళ్తే తలుపు వెయ్యండి. ఏసీ పోతోంది."

కొంచెం గట్టిగానే అంది. రాజమండ్రిలో ఈ సెలూన్‌లో చేరిన దగ్గర్నుంచీ, గుమ్మం దాకా వచ్చి తనని చూసి వెనక్కి తిరిగిన మగవాళ్ళు చాలామందే ఉన్నారు. ఇతను మాత్రం లోపలికే వచ్చాడు. సరిగ్గా అప్పుడే బయట వాన మొదలైంది కాబట్టి, ఆ గొప్పంతా అతనిదే అనడానికి లేదు.

కుర్చీలో కూర్చోబెట్టి, అద్దంలో అతని తల చూసింది దుర్గ. జుట్టు లేక కాదు. ఉంది కానీ ఉన్నట్టు తెలియదు. ఒక్కో వెంట్రుకా పట్టుదారంలా సన్నంగా, మెత్తగా నెత్తికి అంటుకుపోయి ఉంది. అప్పుడే ఆవు నాకిన దూడలా ఉన్నాడు. ఎంత ఆపుకున్నా ఆమె పెదవి చివర నవ్వు ఆగలేదు.

"నవ్వండి, పర్లేదు," అన్నాడతను. "మొన్న పెళ్ళిచూపులకి వెళ్తే ఆ అమ్మాయి బామ్మగారు, అయ్యో పాపం, అబ్బాయి వానలో తడిసొచ్చాడు, తువ్వాలియ్యండి అన్నారు. ఆ రోజు మండుటెండండి."

దుర్గ పగలబడి నవ్వింది. కౌంటర్ దగ్గర కూర్చున్న సెలూన్ ఓనరు ప్రిస్కిల్లా అక్క కూడా నవ్వింది.

అతని పేరు సురేష్‌బాబు. ధవళేశ్వరంలో ఇరిగేషన్ ఆఫీసులో ఉద్యోగం. ఫోన్ తీసి ఎవరో హీరో ఫోటో చూపించాడు. సింహం జూలులాంటి జుట్టు.

"ఇలా కావాలండి."

"ఇది ఆయన జుట్టండి. ఇది కావాలంటే ఆయన్నే అడగాలి."

"పోనీ బాగా పెంచేస్తే? నిండుగా కనిపిస్తుందేమో?"

"పెంచితే ఇంకా అణిగిపోద్దండి. సన్నటి జుట్టు కదా, దాని బరువుకి అదే పడుకుంటుంది. పక్కలు బాగా తగ్గించి, పైన మాత్రం కాస్త ఉంచుదాం. ఆ పైదాన్ని ఒకే ఎత్తులో కాకుండా అక్కడక్కడా పొట్టిగా కోస్తే, పొట్టివి పొడుగువాటిని పైకి లేపి నిలబెడతాయి."

"ఉన్నది తగ్గిస్తే ఎక్కువ కనిపిస్తుందా? ఇదేం లెక్కండి?"

"తల లెక్క. కదలకండి."

కత్తిరించడం అయ్యాక, ఇన్నేళ్ళూ ఎడమ పక్కన తీసిన పాపిడిని కుడి పక్కకి మార్చింది. జుట్టు పడుకునే వైపుకి ఎదురుగా డ్రయ్యర్ పట్టి, వేళ్ళతో కుదుళ్ళు పైకి లేపింది. సురేష్‌బాబు అద్దం దగ్గరికి వంగి, తల ఇటూ అటూ తిప్పి చూసుకున్నాడు.

"ఎవరండి ఈయన?" అన్నాడు చివరికి.

"మీరేనండి. తలకి నూనె మాత్రం రాయకండి. ఒక్క చుక్క పడినా నా కష్టం గోదాట్లో కలిసిపోద్ది."

వారం తిరక్కుండానే మళ్ళీ వచ్చాడు. ఈగ వాలితే జారిపడేలా ఉంది తల.

"నూనె రాశారా?"

"నేను కాదండి, మా అమ్మ. నేను నిద్ర లేచేలోపే రాసేసింది."

"వద్దని చెప్పలేదా?"

"చెప్పానండి. కన్నతల్లి రాసే నూనె ఎవరో సెలూన్ అమ్మాయి మాటతో చేదైపోయిందా అని అలిగి టిఫిన్ మానేసింది. అందుకే పొద్దున్న ఆవిడ దగ్గర రాయించుకుని, సాయంత్రం మీ దగ్గర కడిగించుకుందామని."

ఆ తర్వాత నూనె ఒక వంక అయింది. నూనె లేని రోజున వాన వంక అయింది. తల కడుగుతున్నంత సేపూ ఏవో అడిగేవాడు, దుర్గ చెప్పేది. ఉప్పాడలో నాన్న పోతురాజు చేపల వేటకి వెళ్తాడని, తను కాకినాడలో ఈ పని నేర్చుకుంటానంటే వీధి వీధంతా నవ్విందని చెప్పింది.

"మీ నాన్నగారు ఏమన్నారండి?"

"వల కొసలు సమంగా కోసే చెయ్యి జుట్టు కొయ్యలేదా, వెళ్ళమ్మా అన్నారు."

"మంచి మాటన్నారండి," అన్నాడు సురేష్‌బాబు. అతను వెళ్ళిపోయాక కూడా ఆ మాట దుర్గ చెవిలో అలాగే ఉండిపోయింది. ఆ వారమంతా గాజు తలుపు చప్పుడైనప్పుడల్లా ఆమె తల దానంతటదే అటు తిరిగేది.

"నువ్వు కత్తిరించేది ఇటు," అని ప్రిస్కిల్లా అక్క గుర్తు చేసేది.

ఒక సాయంత్రం సురేష్‌బాబు వెనకే వాళ్ళమ్మ బంగారమ్మ వచ్చింది. వచ్చీ రావడమే నడుం మీద చెయ్యి పెట్టింది.

"నా కొడుక్కి నూనె రాయొద్దన్న పిల్లవి నువ్వేనా?"

"నేనేనండి పిన్నిగారూ."

సురేష్‌బాబుకి ఎక్కడలేని దగ్గు వచ్చింది. "పిన్నిగారు ఎందుకండి మళ్ళీ... వరస మారిపోద్ది. అత్తయ్యగారు అనండి, చాలు."

ప్రిస్కిల్లా అక్క కళ్ళజోడు పైనుంచి చూసింది. దుర్గ తువ్వాలు మడతపెట్టే నెపంతో మొహం అటు తిప్పుకుంది.

"నూనె మంచిదేనండి అత్తయ్యగారూ," అంది తేరుకుని. "రాత్రి రాసి పొద్దున్న కడిగేయండి. జిడ్డు ఉంటే సన్నటి జుట్టు లేవదు. ఆయనకి వచ్చింది మీ జుట్టేనండి. ఒకసారి ముడి విప్పుతారా?"

బంగారమ్మ ముడి ఉసిరికాయంత ఉంది. విప్పితే నడుం దాకా వచ్చింది కానీ, కింద జానెడు మేర ఎలుక తోకలా పల్చబడింది. పొడుగు పోతుందేమోనని ఆవిడ చాలాసేపు ఊగిసలాడింది. చివరికి కళ్ళు గట్టిగా మూసుకుని "కానీ" అంది. దుర్గ ఆ పల్చటి కొసలన్నీ ఒకే వరసలో తీసేసి, కుదుళ్ళు వదులుగా లేపి ముడి వేసింది. ఉసిరికాయ కాస్తా కమలాకాయ అయింది. బంగారమ్మ ముడిని ఇటు తడిమి, అటు తడిమి, కోపం సంగతి మర్చిపోయింది.

"చేతిలో ఏదో ఉందే తల్లీ నీకు! వచ్చే గురువారం రావులపాలెంలో మావాడికి పెళ్ళిచూపులు. ముందురోజు నువ్వే దగ్గరుండి జుట్టు నిలబెట్టాలి. ఈ సంబంధం కుదిరితే వీడి తలనీలాలు ఆ పక్కనే ఉన్న వాడపల్లి వెంకన్నకి ఇస్తానని మొక్కుకున్నాను."

"దేవుడికి ఇచ్చేసే జుట్టుకి ఇంత కష్టం ఎందుకండి?"

"చూపులకి జుట్టుండాలి కదే! కుదిరాక ఆయనిష్టం."

ప్రిస్కిల్లా అక్క నవ్వింది. సురేష్‌బాబు నవ్వలేదు. దుర్గ నవ్వబోయి, కింద పడ్డ కొసలు ఊడవడానికి చీపురు అందుకుంది. ఇన్నాళ్ళూ తను ఈ మనిషిని ఇంత అందంగా చేసింది వేరే అమ్మాయి కోసమని అప్పుడు గుర్తొచ్చింది.

బుధవారం సాయంత్రం వచ్చి కూర్చున్నాడు. ఎప్పుడూ గలగలమనే మనిషి ఆ రోజు మెడకి కట్టిన గుడ్డ అంచు మడతపెడుతూ, విప్పుతూ ఉన్నాడు. బయట వాన కూడా చినుకు చినుకుగా, మాట్లాడాలా వద్దా అన్నట్టు పడుతోంది.

దుర్గ నడినెత్తి మీద ఒక పాయ వేళ్ళ మధ్య పట్టుకుంది. ఇక్కడ ఒక్క కత్తెర ఎక్కువ పడితే చాలు, జుట్టు మళ్ళీ నెత్తికి అంటుకుపోతుంది. రేపు ఆ ఇంట్లో ఇంకో బామ్మగారు తువ్వాలు ఇమ్మంటారు. సంబంధం తప్పిపోతుంది. ఎవరికీ తెలియదు.

కత్తెర అలాగే గాలిలో ఆగింది.

"ఏమైందండి?"

"ఏం లేదండి."

చెయ్యి మాట వినలేదు. ఎక్కడ ఆపాలో అక్కడే ఆపింది. అంత మంచి కటింగ్ ఆమె అంతకు ముందెప్పుడూ చేయలేదు.

"వాళ్ళు ఒప్పుకుంటారంటారా దుర్గగారూ?"

"ఈ జుట్టు చూసి కూడా ఒప్పుకోకపోతే కళ్ళ డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళండి."

అతను అద్దంలోంచి ఆమెనే చూశాడు. "అంత బాగా ఎందుకు చేశారండి?" అని అడిగి, జవాబు కోసం ఆగకుండా వానలోకి వెళ్ళిపోయాడు.

గురువారం దుర్గ ఒక కస్టమర్‌కి రెండుసార్లు షాంపూ పెట్టింది. ఇంకొకాయనకి కుడి చెవి పక్క జుట్టు ఎడమ పక్క కంటే పొడుగుంచి పంపబోతుంటే ప్రిస్కిల్లా అక్క మళ్ళీ కూర్చోబెట్టింది.

మధ్యాహ్నం తలుపు తెరుచుకుంది. గుండుకి గంధం పూసుకున్న మనిషెవరో లోపలికి వచ్చాడు. వెనకాల బంగారమ్మని చూశాక గానీ అతనెవరో దుర్గకి తెలియలేదు.

"నా హెయిర్‌కట్ ఏదండి?" అంది నోరు తెరుచుకుని.

"వాడపల్లిలో ఉందండి."

మొక్కు తీర్చేశారంటే సంబంధం కుదిరిందనే కదా. దుర్గ కళ్ళు దించుకుని, చేతిలో దువ్వెన బల్ల మీద పెట్టింది.

"కంగ్రాట్స్ అండి. మంచి మాట."

"మంచి మాటా!" అంటూ బంగారమ్మ కుర్చీలో కూలబడింది. "రావులపాలెం మార్కెట్లో మంచి అరటిపళ్ళు కొంటానని తెల్లారగట్టే బయల్దేరాడు తల్లీ. మేం కారు దిగేసరికి ఆళ్ళ గుమ్మంలో అరటిపళ్ళ అత్తం పట్టుకుని గుండుతో నిలబడ్డాడు! పిల్ల తండ్రి కంగారుపడి, ఇంట్లో ఎవరైనా పోయారా బాబూ అన్నాడు. మా పిల్ల భయపడుతోంది, మళ్ళీ కబురు చేస్తామన్నారు. అంటే ఇక చెయ్యరనేగా! మొక్కు పని అయ్యాక తీర్చాలి గానీ, ముందే తీర్చేసేవాణ్ణి ఎక్కడైనా చూశావా?"

"ఎందుకు చేశారండి?" అంది దుర్గ.

"మీరు కట్ చేసిన జుట్టుతో వెళ్తే ఒప్పేసుకుంటారని భయమేసిందండి." సురేష్‌బాబు గుండు తడుముకున్నాడు. "దారంతా అదే భయం. నాకు ఒప్పుకోవాల్సింది వాళ్ళు కాదు. నూనె ఉన్నప్పుడు, లేనప్పుడు, అన్ని అవతారాల్లోనూ నన్ను చూసింది మీరొక్కరే. ఇదొక్కటే మిగిలింది. ఇది కూడా చూసి చెప్పండి. వద్దంటే ఇంక అడగనండి."

సెలూన్‌లో డ్రయ్యర్లు ఆగిపోయాయి. ప్రిస్కిల్లా అక్క ఫ్యాన్ కూడా తగ్గించింది, సరిగ్గా వినిపించడం లేదని.

"నిన్న..." అంది దుర్గ నెమ్మదిగా. "నిన్న ఒక్క కత్తెర తప్పు వేద్దామనుకున్నానండి. మీ సంబంధం చెడిపోవాలని. చెయ్యి రాలేదు."

సురేష్‌బాబు మొహం వెలిగిపోయింది. "వేసుంటే నాకు వాడపల్లి వెళ్ళే పని తప్పేది కదండి!"

బంగారమ్మ ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది. ముడి ఒకసారి సరిచేసుకుంది.

"బావుంది వరస. స్వామి తలనీలాలు పుచ్చుకున్నాడు. ఇంక కోడల్ని చూపించాల్సిన పని ఆయనదే, చూపించాడు. మీ నాన్నగారికి ఫోన్ కలుపమ్మా."

"ఇప్పుడు సముద్రం మీద ఉంటారండి. ఒడ్డుకి వచ్చేసరికి సాయంత్రం అవుద్ది."

"అయితే సాయంత్రం దాకా ఇక్కడే కూర్చుంటాం," అని ఆవిడ కాళ్ళు చాపుకుంది.

కూర్చున్నారు. తలుపు తెరిచిన ఒక కాలేజీ కుర్రాడు గుండుని చూసి, "ఇక్కడ ఇలా చేస్తారా?" అని అదే నడకన వెనక్కి వెళ్ళిపోయాడు.

"బాబూ, కాస్త లోపలికి జరగండి, బేరాలు పోతున్నాయి," అంది ప్రిస్కిల్లా అక్క.

చీకటి పడే వేళకి ఉప్పాడ నుంచి ఫోన్ వచ్చింది. దుర్గ మూలకి వెళ్ళి, చున్నీ అంచు వేలికి చుట్టుకుంటూ గుసగుసగా అంతా చెప్పింది. అవతల అలల హోరులో పోతురాజు గొంతు మాత్రం సెలూన్ అంతా వినిపించింది.

"అబ్బాయి ఎలా ఉంటాడమ్మా?"

దుర్గ వెనక్కి తిరిగి చూసింది. గంధం ఆరిపోయి, చెవులు రెండూ బయటికి పొడుచుకొచ్చి, ఊపిరి బిగబట్టి కూర్చున్నాడు సురేష్‌బాబు.

"చాలా బాగుంటారు నాన్నా," అంది.