కరెంటు లేని షెడ్డులో సాంచ

సోలాపూర్‌లో కుంఠా నాకా వెనక సందులో పెంటప్ప షెడ్డు ఉంది. పగలు దాని గోడకు స్కూటర్లు ఆనించి పెడతారు, పిల్లలు బంతి కొట్టుకుంటారు. రాత్రి పది దాటిందంటే మాత్రం ఆ సందులోకి కుక్క కూడా తొంగిచూడదు... కుక్క సంగతి ఎవరు చూసొచ్చారని అడక్కండి. నాకు చెప్పినవాళ్లు అలాగే చెప్పారు.

పెంటప్ప పోయి తొమ్మిదేళ్లు. ఆయన పోయిన నెలకే సాంచలన్నీ, అదే పవర్‌లూమ్‌లన్నీ, పాత ఇనుముకు వెళ్లిపోయాయి. కరెంటు తీగ కూడా కత్తిరించారు. అయినా రాత్రిపూట లోపల ఒక సాంచ ఆడుతుంది — టక్... టక్... టక్... సరిగ్గా ఇరవై సార్లు. ఆపైన చడీచప్పుడు ఉండదు.

షెడ్డుకు తాళం లేదు. పెంటప్ప కొడుకు వినాయక్‌ను అడిగితే, "మా బాపు ఉండంగ తాళమెందుకు?" అంటాడు.

లోపల మిగిలింది పెంటప్ప తెల్ల ఫియట్ ఒక్కటే. అరవై ఏళ్ల బండి. ఆదివారం జరిగే పాత కార్ల ఊరేగింపులో దాన్ని తిప్పాలని వినాయక్ పట్టు. ఇంజను సామాను బండి పుట్టినప్పటిదే ఉండాలని ఊరేగింపు వాళ్ల షరతు. పరీక్ష చేసే పెద్దమనిషి పొద్దున తొమ్మిదికి వస్తానన్నాడు.

హోట్గి రోడ్ మీద గ్యారేజీ నడిపే గోవర్ధన్, ఫోన్లో ఆ ఇంజను ఫోటో చూసి, ముందురోజు సాయంత్రం టీ బండి దగ్గర నలుగురిలో తేల్చేశాడు. "పెట్రోలు పంపు ఒరిజినల్. చూస్తలేవా, రెండు ముక్కలు స్క్రూలతోని బిగించి ఉన్నయ్. కొత్తయి నొక్కి మూసేస్తరు, ఇప్పరాదు."

పక్క గ్యారేజీ నిలేష్ నవ్వాడు. "స్క్రూలు అందరికీ కనవడ్తయ్ అన్నా. నడుమల గుడ్డ ఎవడు చూసిండు?"

మాట సూటిగా తగిలింది. పంపు రెండు ముక్కల మధ్య ఒక గుడ్డ బిళ్ల ఉంటుంది. అది పైకీ కిందికీ ఆడితేనే ట్యాంకీలోని పెట్రోలు ఇంజనుకు ఎక్కేది. అది కంపెనీ గుడ్డ కాకపోతే పంపు ఒరిజినల్ అని ఎవరూ ఒప్పుకోరు. ఇదంతా గోవర్ధన్‌కు తెలుసు. నోరు మాత్రం ఆగలేదు.

"డూప్లికేట్ అయితే పొద్దున ఇక్కడ్నే మీసం తీసేస్త."

ఇరవై ఐదేళ్లుగా నూనె రాసి పెంచిన మీసం అది. గ్యారేజీ బోర్డు మీద పేరు కన్నా ముందు దాని బొమ్మే ఉంటుంది. ఇంటికి పోయి అన్నం ముందు కూర్చుని లెక్కలు వేసుకున్నాడు. వెలుతురుండగా వెళ్తే, చూడకుండానే పందెం కాశాడని ఊరంతా నవ్వుతుంది. ఇక మిగిలింది రాత్రే.

పదిన్నరకు గోవర్ధన్ చెప్పులు చేత పట్టుకుని, హనుమంతుణ్ణి తలుచుకుంటూ, ఆ సందులో అడుగుపెట్టాడు.

తలుపు తోశాడు. చీకటి... పెట్రోలు వాసన... ఫోన్ టార్చి వేశాడు. బండి బానెట్ ఎత్తి ఉంది.

ఎవరు ఎత్తారు?

టక్...

గోవర్ధన్ నేతోళ్ల ఇంట పుట్టినవాడు. సాంచ చప్పుడు ఉగ్గుపాలతో విన్నవాడు. సాంచ ఒక దెబ్బ కొడితే వెంటనే రెండో దెబ్బ పడుతుంది. ఇది ఒంటి చప్పుడు... బానెట్ కింది నుంచి వస్తోంది.

టక్... టక్...

ఫోన్ జారి పడింది, వెలుగు పోయింది. వంగి తడుముతుంటే — చల్లటి చేయి ఒకటి అతని మణికట్టు పట్టుకుంది.

అరుద్దామనుకున్నాడు. నోరు తెరిచాడు.

"ఒర్లకు," అంది చీకటి. "గోడవతల కోడలు లేస్తది."

దయ్యాలకు కోడళ్ల భయం ఉంటుందని గోవర్ధన్ ఎక్కడా వినలేదు.

"ఎ... ఎవరు?"

"నేనే రా గోవర్ధనూ. పార్వతీబాయిని."

పెంటప్ప భార్య. డెబ్బై ఆరేళ్ల మనిషి. గోవర్ధన్ బండికి ఆనుకుని నిలబడ్డాడు.

"నువ్వేంది పెద్దమ్మా, ఈ చీకట్ల?"

"పంపు కొడ్తున్న. ఊకె నిలవడ్డ బండికి పంపు ఎండుతదట. ఇంత పెట్రోలు పోసి, కింద చిన్న పిడి ఉంటది, రోజూ ఇరవై సార్లు ఒత్తుమని మీ పెద్దబాపు పోయేటప్పుడు చెప్పిండు. పొద్దుగాల వస్తే పెట్రోలు ముట్టినవని కోడలు లొల్లి వెడ్తది. రాత్రయితే దయ్యమని ఎవ్వరు రారు. నాకు మంచిగుంది."

భయం పోగానే మీసం గుర్తొచ్చింది. పందెం సంగతంతా చెప్పాడు. "నడుమల గుడ్డ కంపెనీదేనా? ఖరా చెప్పు పెద్దమ్మా, అబద్ధమాడకు."

ఆమె అతని వేలు లాగి పంపు మీద పెట్టింది. రెండు ఇనుప ముక్కల మధ్య సన్నగా గుడ్డ అంచు తగిలింది.

"పోగులు చూడు."

వేలికొసతో తడిమాడు. చిక్కటి నేత... జంట పోగు... పుట్టినప్పటి నుంచీ కప్పుకుంటున్న నేతే ఇది. సోలాపూర్ చాదర్.

"తుల్జాపూర్ తొవ్వల పంపు చినిగింది. కొత్తది దొరకలే. నేను నేసిన చాదర్ కోసి, రెండు పొరలేసి వార్నిష్ పూసిండు. ముప్పై ఏండ్లాయె, పోగు కదల్లే." ఆ గర్వం చీకట్లో కూడా తెలుస్తోంది. "ఇప్పుడు చెప్పు. నా గుడ్డ డూప్లికేటా?"

ఔనంటే పెద్దమ్మ మనసు నొచ్చుకుంటుంది, మీసమూ పోతుంది. కాదంటే తను చేసే పనికే ద్రోహం. "ఇనుమైతే ఒరిజినలే..." అని నసిగాడు.

"నీతోని కాదు గాని, మీ పెద్దబాపునే అడుగుదం. ఒరిజినలైతే ఒక్కసారి కొడ్తడు, డూప్లికేటైతే రెండుసార్లు."

గోవర్ధన్ నవ్వబోయాడు. ముసలామె రెండు చేతులూ అతని చేతి మీదే ఉన్నాయి. పిడి ఎవరూ ముట్టుకోలేదు...

షెడ్డు అవతలి మూల — సాంచలు పీకేసిన ఖాళీ నేల మీద —

టక్.

రెండోది పడిందో లేదో వినడానికి గోవర్ధన్ అక్కడ లేడు. చెప్పులూ ఫోనూ షెడ్డులోనే ఉండిపోయాయి.

మరునాడు పరీక్ష పెద్దమనిషి కన్నా ముందే టీ బండి దగ్గరికి వచ్చాడు. ఇనుము కంపెనీది, గుడ్డ పార్వతీబాయిది అని ఉన్నదున్నట్టు చెప్పేశాడు. నిలేష్ చెవికి అదేమీ ఎక్కలేదు. టీ గ్లాసు పట్టుకుని గోవర్ధన్ ముఖమే చూస్తున్నాడు.

కుడివైపు మీసం ఉంది. ఎడమవైపు లేదు.

"ఇదేంది అన్నా?"

"పెద్దబాపు రెండోది కొట్టిండో లేదో నాకు తెల్వదు," అన్నాడు గోవర్ధన్. "ఈ రాత్రి నువ్వు పోయి విని రా. అప్పటిదాంక సగమే."