మూసుకోని సోడియం తలుపు

సైంటిస్టును లిఫ్టులోనే కాల్చేశారు. ల్యాబ్ నుంచి రెండు వస్తువులు మాయమయ్యాయి. ఒకటి గ్యాస్ సిలిండర్, రెండోది వేలెడంత మందు సీసా.

బ్రీఫింగ్‌లో చీఫ్ ముక్తసరిగా చెప్పాడు. కండరం పనిచెయ్యాలంటే దాని పొరలో సోడియం చానెల్ అనే బుల్లి తలుపు తెరుచుకోవాలి, వెంటనే మూసుకోవాలి. మూసుకోకపోతే కండరం బిగుసుకుపోతుంది. ఆ గ్యాస్ పీల్చినవాడికి ఆ తలుపు ఇక మూసుకోదు, ఊపిరితో సహా బిగుసుకుపోతాడు. సీసాలోది విరుగుడు, ఒకే ఒక్క డోసు. ఫార్ములా సైంటిస్టు బుర్రలో ఉండేది. బుర్రతోనే పోయింది.

ఏజెంటుకు ఈ పాఠం ఒకరు చెప్పాలా? పుట్టుకతోనే అతని తలుపులు సరిగా మూసుకోవు. చలి తగిలితే బిగిసిన పిడికిలి ఎంతకీ విడదు. డిపార్ట్‌మెంటులో అందుకే 'ఉడుం' అని పేరు పెట్టారు. తన సంగతి సరే, కర్మ కాకపోతే అదే జబ్బు కూతురికి ఇంకా ఘోరంగా వచ్చింది. ఆ పిల్లకి గొంతే బిగుసుకుంటుంది. బజార్లో ఉన్న మందులేవీ పట్టలేదు. ఏదో ఒక రోజు ఆ గొంతు ఇక విడదని డాక్టరు మొహం మీదే చెప్పేశాడు. సీసా దొరికితే పాపకేనని చీఫ్ మాటిచ్చాడు.

సిలిండర్ జాడ ఒక కాన్ఫరెన్స్ హాలు దగ్గర తెలిసింది. కోల్డ్ రూమ్ మెకానిక్ వేషం. బ్యాటరీతో వెచ్చబడే గ్లవ్స్. కోడ్ వర్డ్ 'చలిమంట'.

కాన్ఫరెన్స్ హాలు కింద కోల్డ్ రూమ్. సిలిండర్ గొట్టం హాలు ఏసీ డక్ట్‌లోకి పోతోంది. పైన దేశదేశాల ప్రతినిధులు. సిలిండర్ పక్కన ఫర్ కోటులో ఆమె నిలబడి ఉంది. ఒకప్పుడు అతని శిష్యురాలు, రెండు పక్షాల జీతమూ తిన్న అందగత్తె. ఒక చెయ్యి స్ప్రింగ్ లివర్ మీద ఉంది. అది వదిలితే గ్యాస్ పైకి లేస్తుంది. రెండో చేతిలో సీసా.

గ్లవ్ ఉంటే ట్రిగ్గర్ అందదని కుడిచేతిది పీకేసి పిస్టల్ తీశాడు. వద్దని చీఫ్ నెత్తీనోరూ కొట్టుకుని చెప్పిన పనే అది. చలి కరిచింది. వేళ్లు పిస్టల్‌కి అతుక్కుపోయాయి. ఇక కాల్చలేడు, పారెయ్యలేడు.

"బిగుసుకుపోయింది కదూ సార్?" అంది ఆమె. "ఇది మీ పాపకి. పట్టుకోండి, నా దారిన నన్ను పోనివ్వండి."

"లివర్ వదలకు."

"రెండూ వదుల్తాను. మీకున్నది ఒక్క చెయ్యేగా."

అన్నంత పనీ చేసింది. సీసా గాల్లోకి లేచింది. నిజం చెప్పాలంటే ఆ క్షణంలో అతనికి పైనున్న జనం గుర్తే లేరు, కూతురి మొహమే కనిపించింది. అయినా దిక్కుమాలిన చెయ్యి లివర్ మీదికే పోయింది. ఇన్నేళ్ల ఉద్యోగం దానికి నేర్పిన బుద్ధి అది. సీసా కాళ్ల దగ్గర భళ్లుమంది.

కాలర్ మైకులో 'చలిమంట' అన్నాడు. టీమ్ వచ్చి సిలిండర్ విప్పింది. ఆమె మెట్ల మీదే దొరికిపోయింది. ఈలోగా ఎడమ గ్లవ్ బ్యాటరీ కూడా చచ్చి, ఆ చెయ్యీ లివర్ మీదే బిగుసుకుపోయింది. గోరువెచ్చని నీళ్లు పోసి అతని వేళ్లు ఒక్కొక్కటే విడదీశారు. నేల మీది తడి గీకి ఇమ్మని అతను బతిమాలాడు. గాజు పొడి తప్ప ఏమీ లేదన్నారు.

ఇంటికొచ్చేసరికి కూతురు దుప్పటి కప్పుకుని మంచం మీద కూర్చుని ఉంది.

"వెళ్లిన పని అయిందా నాన్నా?"

"అయిందమ్మా. అందరూ క్షేమం," అన్నాడు, ఆ పిల్ల మెడకు వెచ్చటి గుడ్డ చుడుతూ. "ఇక మనిద్దరమే మిగిలాం."