తెల్లగా ఉతికిన స్పాంజి

శనివారం మధ్యాహ్నం పన్నెండు దాటింది. వంటింటి సింకు ముందు స్టూలెక్కి గడబిడ ఒక స్పాంజి ఉతుకుతోంది.

ఆ పిల్లకి అసలు పేరొకటి ఉందనుకోండి. కానీ ఏ పనికైనా పరుగే, ఏ మాటకైనా తొందరే. అందుకే ఇంటిల్లిపాదీ గడబిడ అనే పిలిచేవాళ్ళు.

ఆ స్పాంజి చేపల తొట్టిలోది. ఫిల్టర్ లోపల ఉంటుంది. బయటికి తీస్తే బురదముద్దలా ఉంది.

"ఛీ ఛీ! మా అక్క ఇంత మురికి ఎలా ఉంచింది!" అనుకుంది గడబిడ. గిన్నెలు తోమే సబ్బు పోసింది. వేడినీళ్ళు పట్టింది. పిండింది, మళ్ళీ పిండింది. చివరికి స్పాంజి కొత్తదానిలా తెల్లబడింది. దాన్ని తిరిగి ఫిల్టర్‌లో పెట్టేసి, చేతులు గౌనుకి తుడుచుకుంది.

అక్క పరీక్షలు రాయడానికి వేరే ఊరు వెళ్ళింది. వెళ్తూ వెళ్తూ ఒకే మాట చెప్పింది.

"రోజూ చిటికెడు మేత వెయ్యి. అంతే. తొట్టిలో చెయ్యి పెట్టకు."

అమ్మ కూడా అదే చెప్పింది. కానీ అక్క వచ్చేసరికి తొట్టి తళతళలాడితే ఎంత సంతోషిస్తుంది! ఆ సంతోషం తలుచుకునే గడబిడ చెయ్యి పెట్టింది.

తొట్టిలో నాలుగు గోల్డ్ ఫిష్‌లు ఉన్నాయి. పొడుగు తోకది తోకమ్మ. ఉబ్బుమొహంది బుగ్గలు. నల్లమచ్చ ఉన్నది మచ్చ. ఎప్పుడూ మూలన నిలబడేది బద్ధకం. అక్క మూడేళ్ళుగా పెంచుతోంది. తోకమ్మ అయితే అక్క వేలు ఎటు తిప్పితే అటే ఈదేది.

సోమవారం స్కూలు నుంచి వచ్చేసరికి నాలుగూ నీళ్ళ పైకి వచ్చి, నోళ్ళు తెరుచుకుని గాలి మింగుతున్నాయి. మేత వేస్తే ఒక్కటీ కదల్లేదు.

రాత్రి అక్క ఫోన్ చేసింది.

"నా పిల్లలెలా ఉన్నారే?"

"బాగున్నాయక్కా."

ఆ మాట ఎంత తేలిగ్గా వచ్చేసిందో! పరీక్షల్లో అక్కని కంగారు పెట్టకూడదు కదా అని తనకి తనే సర్దిచెప్పుకుంది.

మర్నాడు అమ్మని వెంటబెట్టుకుని చేపల షాపుకి వెళ్ళింది. షాపాయన ముసలాయన. ముక్కు మీదికి జారిన కళ్ళజోడు, ఎప్పుడూ తడిగా ఉండే చేతులు. అమ్మ ఫోన్‌లో తీసిన వీడియో చూశాడు.

"పాపా, ఈ మధ్య తొట్టిలో ఏమైనా మార్చారా? కొత్త చేపలు తెచ్చారా? ఫిల్టర్ కడిగారా?"

అమ్మ పక్కనే నిలబడి ఉంది. గడబిడ చూపు తిప్పుకుంది.

"లేదంకుల్."

"మా పెద్దమ్మాయి రానిదే ఆ తొట్టి ఎవరం ముట్టుకోం బాబూ," అంది అమ్మ, పాపం, కూతురి మాట నమ్మి.

ఆయన గడ్డం గోక్కున్నాడు. "అయితే మొప్పలకి పురుగు పట్టిందేమో మరి," అంటూ నీలం మందు సీసా ఇచ్చాడు. "రోజుకి పది చుక్కలు."

గడబిడ ఒక్కో చుక్కా లెక్కపెట్టి వేసింది. నీళ్ళు నీలంగా మారాయి. చేపలు నీలి పొగలో చిక్కుకున్నట్టు కనిపించాయి.

బుధవారం పొద్దున మచ్చ వెల్లకిలా తేలింది.

"మందు పని చెయ్యడానికి టైం పడుతుందిలే," అన్నాడు నాన్న. ఆయన బస్సు డ్రైవరు, యూనిఫాం బొత్తాలు పెట్టుకుంటూ హడావిడిలో ఉన్నాడు. "ఆ బద్ధకాన్ని చూడు, అది రోగం వచ్చినా కదలదు, రాకపోయినా కదలదు!"

వేరే రోజైతే గడబిడ పడీపడీ నవ్వేది. ఆ రోజు నవ్వు రాలేదు.

ఆ రాత్రి కూడా అక్క ఫోన్ చేసింది. ఆ రాత్రి కూడా గడబిడ "బాగున్నాయి" అనే చెప్పింది.

గురువారం బుగ్గలు పోయింది. దాని మొప్పలు ఎర్రగా కమిలి ఉన్నాయి. గడబిడ దాన్ని తడి దూదిలో చుట్టి, టిఫిన్ డబ్బాలో పెట్టుకుంది. సాయంత్రం అమ్మతో మళ్ళీ షాపుకి వెళ్ళింది.

షాపాయన చేపని అరచేతిలో పెట్టుకున్నాడు. మొప్ప మీది రేకుని గోటితో ఎత్తి, లైటు కింద చూశాడు. ఎంతసేపు చూశాడో! తర్వాత బీరువా లోంచి ఇంకో సీసా తీశాడు. కానీ చేతికివ్వలేదు.

"ఇది చాలా గట్టి మందు పాపా. పురుగుంటే పురుగుని చంపుతుంది. పురుగు లేకపోతే చేపనే చంపుతుంది. నాకు పురుగు కనపడటంలేదు. అందుకే మళ్ళీ అడుగుతున్నా. వాటికి చెబుదామన్నా నోరు లేదు. తొట్టిలో ఏమైనా మారిందా?"

గడబిడ సీసా వైపు చూసింది. అమ్మ వైపు చూసింది.

"స్పాంజి ఉతికాను," అంది. ఎవరికీ వినపడలేదు.

"ఏంటమ్మా?"

"స్పాంజి ఉతికానంకుల్! శనివారం. గిన్నెల సబ్బుతో. వేడినీళ్ళతో. తెల్లగా అయ్యేదాకా." మాటలన్నీ ఒక్కసారిగా వచ్చేశాయి. వాటి వెనకే ఏడుపూ వచ్చింది.

అమ్మ నోరు తెరిచింది. షాపాయన వద్దన్నట్టు చెయ్యి ఎత్తాడు. సీసాని బీరువాలో పెట్టేశాడు.

"ఆ మురికిలో కంటికి కనపడని జీవులుంటాయి. చేపల ఉచ్చ, పెంట అవే తింటాయి. వాటిని కడిగేశావు. ఇప్పుడు ఆ విషమంతా నీళ్ళలోనే ఉంది. సబ్బు కూడా కొంత మిగిలి ఉంటుంది. దానికి తోడు నేనిచ్చిన మందొకటి." కళ్ళజోడు తీసి చొక్కాకి తుడుచుకున్నాడు. "మొదటి రోజే తొట్టి నీళ్ళు తెప్పించి పరీక్ష చేయాల్సింది. నాదీ తప్పే."

ఆయన కోప్పడి ఉంటే బాగుండేది. ఆయన అలా అనేసరికి గడబిడకి ఇంకా సిగ్గేసింది.

ఆయన తన తొట్టి లోంచి మురికి స్పాంజి ముక్క ఒకటి కత్తిరించి కవర్లో పెట్టిచ్చాడు. "మీ స్పాంజి తీసేసి ఇది పెట్టు, ఇందులో ఆ జీవులున్నాయి. పొద్దునా సాయంత్రం సగం నీళ్ళు మార్చు. కుళాయి నీళ్ళు బకెట్లో పట్టి, వాటిలోని క్లోరిన్ పోవడానికి నేనిచ్చే చుక్కలు వేసి, అప్పుడు పొయ్యి. మేత వద్దు."

"బతుకుతాయా?"

"రెండు రోజుల ముందైతే బతుకుతాయనే చెప్పేవాణ్ణి," అన్నాడాయన.

దారి పొడుగునా అమ్మ ఒక్క తిట్టూ తిట్టలేదు. గడబిడ చెయ్యి మాత్రం పట్టుకుంది. అంతే.

రాత్రి సగం నీళ్ళు మార్చారు. అయినా పొద్దున్నే లేచి చూస్తే మూలన నిలబడే బద్ధకం, అదే మూలన, ఒరిగిపోయి ఉంది. తోకమ్మ తొట్టి అడుగున పక్కకి వాలి పడుకుంది. మొప్పలు ఎప్పుడో ఒకసారి కదులుతున్నాయి.

శుక్రవారం సాయంత్రం నాన్న డ్యూటీ దిగి వచ్చాడు. గడబిడ గోడకి చేరగిలబడి, మోకాళ్ళలో తల పెట్టుకుని కూర్చుంది. ఆ పిల్ల అంత కదలకుండా కూర్చోవడం ఆ ఇంట్లో ఎవరూ చూడలేదు.

నాన్న పక్కనే కూలబడ్డాడు. "ఒసేయ్, ఇలా చూడు. అక్క ఎల్లుండి కదా వచ్చేది? రేపు షాపుకెళ్ళి అచ్చం ఇలాంటివే మూడు తెచ్చేద్దాం. మచ్చ ఉన్నది కూడా వెతుకుదాం. అక్కకేం తెలుస్తుంది?"

గడబిడ తలెత్తింది. ఒక్క క్షణం, ఒకే ఒక్క క్షణం, ప్రాణం లేచొచ్చినట్టయింది. మళ్ళీ నాలుగు చేపలు. మళ్ళీ "బాగున్నాయక్కా".

"ఆ నీళ్ళలో వేస్తే అవీ చచ్చిపోతాయి నాన్నా," అంది. తర్వాత నెమ్మదిగా, "అక్కకి తెలీకపోయినా, నాకు తెలుసు కదా," అంది.

లేచి, అమ్మ ఫోన్ తీసుకుంది. అక్క ఫోన్ చేసేదాకా ఆగలేదు. తనే చేసింది.

"ఏయ్ గడబిడా! ఆఖరి పరీక్ష అయిపోయిందే!" అక్క గొంతు గంతులేస్తోంది. "నా పిల్లలెలా ఉన్నారు?"

రోజూ చెప్పే మాట నాలుక చివరికి వచ్చి నిలబడింది. గడబిడ దాన్ని మింగేసింది.

"బాగాలేవక్కా. మూడు చచ్చిపోయాయి. నేనే చంపాను." స్పాంజి సంగతి, సబ్బు సంగతి, షాపులో అబద్ధం ఆడిన సంగతి, షాపాయన రెండు పూటలా సగం నీళ్ళు మార్చమన్న సంగతి, అన్నీ చెప్పింది. "నీకు రోజూ బాగున్నాయని చెప్పాను కదా. అదీ అబద్ధమే."

అవతల నుంచి వెక్కిళ్ళు వినిపించాయి. గడబిడకి ఫోన్ పెట్టేసి పారిపోవాలనిపించింది. పెట్టలేదు. చెవికి అదిమిపట్టుకుని అలాగే నిలబడింది.

"తోకమ్మ?" అని అడిగింది అక్క చివరికి.

"అడుగున పడుకుంది. మొప్పలు కదులుతున్నాయి. బతుకుతుందో లేదో తెలీదక్కా."

అక్క గొంతు మళ్ళీ వినిపించింది. బొంగురుగా ఉంది. అందులో ప్రేమ లేదు.

"పొద్దున ఎన్ని నీళ్ళు మార్చావు?"

"సగం," అంది గడబిడ. వెంటనే కళ్ళు గట్టిగా మూసుకుంది. "కాదక్కా. స్కూలు బస్సొచ్చేస్తోందని మధ్యలో ఆపేశాను. సగం కాదు, పావే మార్చాను."

"అయితే మిగతాది ఇప్పుడు మార్చు."

గడబిడ ఫోన్ స్పీకర్లో పెట్టి, తొట్టి పక్కన ఆనించింది. బకెట్ దగ్గరికి లాక్కుంది. నీళ్ళు ఒలకకుండా, పరుగు పెట్టకుండా, తొట్టిలో మొదటి మగ్గు ముంచింది.

"ఒకటి," అంది గట్టిగా, అక్కకి వినపడేలా.